తంబుచెట్టి వీధిలో బడ్జెట్ సాయంత్రాలు

పోయిన నెల మా మేనత్త పోయింది. పెద్దకర్మ అయ్యాక తండయార్‌పేటలో ఆవిడ ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేయడానికి నేనూ మా వదినా వెళ్ళాం. మంచం కింద ట్రంకుపెట్టె ఒకటి ఉంది. తాళం తుప్పు పట్టి తెరుచుకోకపోతే పక్కింటి అబ్బాయి సుత్తితో కొట్టి ఊడదీశాడు. పైన రెండు పట్టుచీరలు, పాత రేషన్ కార్డు, మామయ్య ఫొటో. అడుగున న్యూస్‌పేపర్లో చుట్టి పెట్టిన గళ్ళ గుడ్డ. ఎర్రటి నేల మీద నీలం, తెలుపు గళ్ళు. వదిన దాన్ని తీసి దులపగానే గదంతా ఒక ఘాటు పరుచుకుంది. గంజి, నువ్వులనూనె, నీలిమందు కలిసిన ఘాటు. వదిన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం సాయంత్రం ఏడింటికి పని నుంచి ఇంటికొచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించే మా నాన్న కళ్ళముందుకొచ్చారు. ఆ చొక్కా అచ్చం ఇదే వాసన వేసేది.

ఇంటికొచ్చినా రాత్రి నిద్ర పట్టలేదు. హార్బర్ ఊసు లేకుండా మా ఇంట్లో ఒక్క పూటా గడవని రోజులు వరసగా గుర్తొస్తూనే ఉన్నాయి. మా పిల్లలకి ఇవేవీ తెలియవు. అందుకే రాస్తున్నాను.

* * *

మా వాళ్ళది చీరాల పక్కన పేరాల. తాతయ్య ఇంట్లో గుంట మగ్గం ఉండేది. నాన్న మగ్గం ఎక్కకుండా, పదో తరగతి పాసై, పెళ్ళికి ముందే మద్రాసు వచ్చేశారు. మన్నడిలో ఒక ఎగుమతి కంపెనీ గోడౌన్‌లో గుమాస్తా. ఆ కంపెనీ పంపేది మద్రాసు రుమాళ్ళు. పేరులో మద్రాసు ఉన్నా నేసేది ఎక్కువగా చీరాల చుట్టుపక్కలే. కాగితాల మీద ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అని రాసేవాళ్ళు. కొనేది నైజీరియా. అక్కడ నైగర్ డెల్టాలో కలబారీ అనే తెగవాళ్ళు దీన్ని ఇంజిరీ అంటారని, పురుడైనా చావైనా ఈ గుడ్డ ఉండాల్సిందేనని నాన్న ఎంతో గొప్పగా చెప్పేవారు. ఆయన చీరాల, మద్రాసు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. అయినా ఆ ఊళ్ళ సంగతులు పక్క వీధి సంగతుల్లా చెప్పేవారు.

ఈ గుడ్డని ఉతికి పంపరు. గంజితోనే, ఆ ఘాటుతోనే పంపాలి. కొనేవాళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని అసలుదో నకిలీదో తేల్చేస్తారు. వాసన పోయిందంటే సరుకు పోయినట్టే అనేవారు నాన్న. వానాకాలంలో గోడౌన్ కారితే ఆయన టెన్షన్ అంతా ఇంతా కాదు.

అప్పుడప్పుడు ఆదివారం నన్ను కూడా తీసుకెళ్ళేవారు. గుడ్డలు దొంతర్లుగా పేర్చి, ప్రెస్సు కింద పెట్టి బిగించి, గోనెపట్టా చుట్టి దబ్బనంతో కుట్టి, పైన ఇనప పట్టీలు వేసేవాళ్ళు. బేలు మేస్త్రీది ఒంగోలు వైపు. “పాపా, ఎనక్కి జరుగు. పట్టీ తెగిందంటే మొహం చీరేస్తది” అని కేకేసేవాడు. అంతా అయ్యాక రేకు స్టెన్సిల్ పెట్టి, నల్లరంగులో ముంచిన కుచ్చుతో బేలు మీద అద్దేవాడు. రేకు తీయగానే పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు తేలేవి. నేను కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు మాట లాగోస్.

నైజీరియా ముడిచమురు అమ్మి బతికే దేశం. చమురు ధర పడిపోయి డాలర్లకు కరువొచ్చేసరికి 1982లో దిగుమతుల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. ఆ సంగతి పేపర్లో ఎక్కడైనా వచ్చిందో లేదో గానీ, మా ఇంట్లో మాత్రం రోజూ అదే. కట్టిన బేళ్ళు కట్టినట్టే ఉండిపోయాయి. కొత్త ఆర్డర్లు లేవు. చీరాల నుంచి కార్డు మీద కార్డు వచ్చేది: నేసిన సరుకు ఇంట్లో ఉంది, నూలు బాకీవాళ్ళు వాకిట్లో కూర్చుంటున్నారు, ఏదో ఒకటి తేల్చండి అని.

ఒక పొద్దున చీరాల నుంచి నాన్నకి వరసకి బావమరిది ఒకాయన గుడ్డల మూట భుజాన వేసుకుని మా ఇంటికొచ్చాడు. రాత్రంతా ప్యాసింజర్ బండిలో నిలబడి వచ్చాడు. అమ్మ వేడినీళ్ళు పెట్టి, పప్పన్నం వడ్డించింది. తింటూ తింటూ చెయ్యి ఆపి, “బావా, గుడ్డలో ఏవన్నా తేడా వచ్చిందా? రంగు దిగిందా? చెప్పు, సరిచేసుకుంటాం” అని అడిగాడు. నాన్న “గుడ్డకేం బావా, బంగారంలా ఉంది” అన్నారు. “మరెందుకు కొనరు?” అన్నాడాయన. ఎక్కడో లాగోస్‌లో ఒక ఆఫీసులో ఎవరో ఒక కాగితం మీద సంతకం పెట్టారని, దాంతో పేరాలలో మగ్గం ఆగిపోయిందని ఆయనకి ఎలా చెప్పాలో నాన్నకి తెలియలేదు. మధ్యాహ్నం ఇద్దరూ మన్నడి వెళ్ళి ఓనరుగారిని బతిమాలి కొంత డబ్బు ఇప్పించుకుని వచ్చారు. ఆ మూటలోంచి ఒక రుమాలు తీసి ఆయన మా మేనత్త చేతిలో పెట్టాడు. ట్రంకుపెట్టెలో దొరికింది అదే అయ్యుండాలి.

చాలా ఏళ్ళ తర్వాత చరిత్ర పుస్తకాల్లో ఒక సంగతి చదివి ఆశ్చర్యపోయాను. మన అద్దకపు గుడ్డలు ఇంగ్లండులో విపరీతంగా అమ్ముడుపోతుంటే అక్కడి నేతవాళ్ళు తిరగబడ్డారు. పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా వాటిని నిషేధించింది. కానీ లండన్‌కి తెచ్చి వేరే దేశాలకి పంపుకోవచ్చని వదిలేసింది. మన కోస్తా గుడ్డకి ఆఫ్రికా దారి, వెస్టిండీస్ దారి అలా బలపడ్డాయి. అంటే ఒక నిషేధంతో బలపడిన వ్యాపారం మా నాన్న కళ్ళముందు ఇంకో నిషేధంతో మునిగిపోయింది. అసలు ఈ పట్నం పుట్టుకే సుంకంతో ముడిపడి ఉంది. 1639లో ఈ ప్రాంతాన్ని ఏలే దామర్ల నాయకులు ఇక్కడి ఇసుకనేల ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చినప్పుడు, కంపెనీ సరుకుకి సుంకం ఉండదన్న హామీ కూడా ఇచ్చారు. కంపెనీ ఇక్కడికి వచ్చిందే గుడ్డ కోసం.

* * *

నాన్న జీతం సగమైపోయాక నేను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. ఇంగ్లీషు హయ్యర్ పాసవగానే తంబుచెట్టి వీధిలో, దిగుమతి సరుకుని కస్టమ్స్ నుంచి విడిపించే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పని దొరికింది. కాళికాంబాళ్ గుడికి నాలుగడుగుల దూరం. కింద బైండింగ్ షాపు, పైన మా ఆఫీసు. చెక్కమెట్లు ఎక్కుతుంటే కిర్రుమనేవి. కిటికీలోంచి హార్బర్ కనపడదు గానీ ఓడ కూత వినపడేది. మధ్యాహ్నం పన్నెండు దాటాక గుడిగంట, టైపు మిషన్లు, కింద తోపుడుబండ్లవాళ్ళ కేకలు, మధ్యలో ఆ కూత.

మా మేనేజరుగారు తంజావూరాయన. ఆయనకి వచ్చిన తెలుగంతా త్యాగరాజ కీర్తనల్లోంచి వచ్చిందే. “అమ్మాయ్, ఈ బిల్లు వేగమే కొట్టవే, దయ చేసి” అనేవారు. చాలా మంచి మనిషి. కస్టమ్స్ చట్టం మొత్తం ఆయనకి కంఠతా వచ్చు. నాకు ఆ పని ఇష్టమైందంటే అది ఆయన వల్లే.

దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే కాగితాలు బిల్ ఆఫ్ ఎంట్రీలు. వాటిని రంగుల్ని బట్టి పోల్చుకునేవాళ్ళం. సుంకం కట్టి వెంటనే సరుకు విడిపించుకునేదానికి తెల్లది. కట్టకుండా బాండెడ్ గోడౌన్‌లో పెట్టుకునేదానికి పసుపుది. అక్కడి నుంచి తర్వాత బయటికి తీసేదానికి ఆకుపచ్చది. మధ్యమధ్య కార్బన్లు పెట్టి రెమింగ్టన్‌కి ఎక్కించేదాన్ని. అడుగు కాపీలో కూడా అక్షరం పడాలంటే వేళ్ళు నొప్పెట్టేలా కొట్టాలి. సాయంత్రానికి చేతులు నీలంగా ఉండేవి. నాన్న చేతులకి నీలిమందు, నా చేతులకి కార్బన్ అని అమ్మ అంటుండేది. రేవు పనులు చూసే డాక్ క్లర్కు అన్న ఆ కాగితాలు గుడ్డసంచిలో పెట్టుకుని రాజాజీ సాలైలో కస్టమ్స్ హౌస్‌కి పరుగెత్తేవాడు. నోటింగు, సుంకం లెక్క తేల్చే అప్రైజర్ సంతకం, డ్యూటీ కట్టడం, షెడ్డులో పెట్టె విప్పి చూపించడం, చివరికి సరుకు తీసుకెళ్ళొచ్చనే ‘అవుటాఫ్ చార్జ్’. ఆ ముద్ర పడేదాకా ఎవరికీ అన్నం సయించేది కాదు. ఆలస్యమైన కొద్దీ, సరుకు రేవులో నిలవ ఉన్నందుకు కట్టే డెమరేజ్ పెరుగుతుంటుంది మరి.

ఆ రోజుల్లో సుంకం ఎంత ఉండేదో ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు. కొన్ని సరుకుల మీద 300 శాతం దాటి ఉండేది. 1991 జులైలో మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టి గరిష్ఠ రేటును 150కి దించితే దేశం తలుపులు బార్లా తెరిచారన్నారు! ఆ 150 శాతం లెక్క ఎలా ఉండేదో చూడండి. సరుకు ఇక్కడికి చేరేసరికి విలువ 100 రూపాయలు అనుకుందాం. దింపుడు ఖర్చుల కింద 1 శాతం కలిపితే 101. దాని మీద 150 శాతం కస్టమ్స్ డ్యూటీ, 151 రూపాయల 50 పైసలు. రెండూ కలిపితే 252.50. ఇప్పుడు ఆ మొత్తం మీద, ఇక్కడ తయారయ్యే సరుకుకి ఎక్సైజ్ పన్ను ఎంత ఉందో అంత సీవీడీ అనే అదనపు సుంకం. 15 శాతం అనుకుంటే ఇంకో 37 రూపాయల 87 పైసలు. 100 రూపాయల సరుకుకి సుంకమే 189 రూపాయల పైన. సుంకం మీద మళ్ళీ సుంకం ఎందుకండీ అని నేను కొత్తలో అడిగితే మేనేజరుగారు, “అదే చట్టం అమ్మాయ్. ముందు లెక్క సరిగ్గా వెయ్యి, కోపం తర్వాత” అన్నారు.

* * *

ఏడాది మొత్తంలో మరిచిపోలేనివి బడ్జెట్ సాయంత్రాలు. 1999లో పొద్దున పదకొండుకి మార్చేదాకా కేంద్ర బడ్జెట్ మామూలుగా ఫిబ్రవరి ఆఖరి పనిరోజు సాయంత్రం ఐదింటికే పెట్టేవాళ్ళు. ఆ రోజు మా వీధిలో ఏ ఆఫీసూ త్వరగా మూసేది కాదు. మేనేజరుగారి టేబుల్ మీద ట్రాన్సిస్టర్. కింద కాఫీ కొట్టు కుర్రాడు అడక్కుండానే గ్లాసులు తెచ్చి పెట్టేవాడు. కస్టమ్స్ మార్పులు సాధారణంగా ఆ అర్ధరాత్రి నుంచే అమలయ్యేవి.

చట్టంలో ఒక మెలిక ఉంది. బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన తేదీ ఒకటి, ఓడకి ఎంట్రీ ఇన్‌వర్డ్ అనే సరుకు దింపుకునే అనుమతి దొరికిన తేదీ ఒకటి. రెండింటిలో ఏది తర్వాతదైతే ఆ రోజు రేటే కట్టాలి. కాగితం ముందే పడేసినా ఓడ రేవులోకి రాకపోతే లాభం లేదు. ఫిబ్రవరి చివరి వారంలో దిగుమతిదార్లు రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసేవాళ్ళు, “మా ఓడ ఎక్కడుందమ్మా?” అని. “అవుటర్‌లో ఉందండీ, ఇంకా బెర్త్ ఇవ్వలేదు” అని, అంటే ఓడ ఇంకా రేవు బయటే నిలబడి ఉందని చెప్పడం నాకే గొంతు నొక్కినట్టుండేది.

బెజవాడ ప్రెస్సాయన ఒకాయన ఉండేవారు. బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి జర్మనీ నుంచి పాత ప్రింటింగ్ మిషన్ తెప్పించుకుంటున్నారు. మిషన్ ఉన్న ఓడ రెండ్రోజులుగా అవుటర్‌లో నిలబడే ఉంది. ఆయన మా చెక్కమెట్ల మీదే కూర్చున్నారు, చేతిలో అరటిపళ్ళ సంచితో. బెంచీ మీద కూర్చోండంటే వినలేదు. ఐదయింది. రేడియోలో ఒక్కొక్క సరుకే వస్తోంది. ఆయన మిషన్ రకం మీద రేటు పెంచారు. ఓడకి ఎంట్రీ దొరికింది మర్నాడు మధ్యాహ్నం. సముద్రంలో, కంటికి కనిపించేంత దూరంలో నిలబడిన ఓడ ఒక్క రాత్రి ఆలస్యమైతే ఆయన అప్పు ఎంత పెరిగిందో ఆ కాగితం టైపు చేసింది నేనే. డబ్బు సర్దుకునేదాకా మిషన్ షెడ్డులోనే పడి ఉంది, డెమరేజ్ వేరే. చివరికి విడిపించుకున్నారు గానీ, ఆ మిషన్ మీద ఆయన లాభం చూశారని నేను అనుకోను. బెజవాడలో పెళ్ళి శుభలేఖల ధర ఎందుకు పెరిగిందో కొన్నవాళ్ళలో ఎవరికైనా తెలుస్తుందా? అలాంటివాళ్ళని ఎందర్నో చూశాక, సుంకం కట్టేది దిగుమతిదారు కాదని, ఆ గొలుసులో అందరికంటే చివర ఉన్నవాడేనని నాకు గట్టిగా అర్థమైంది.

* * *

అంత సుంకం ఉంటే సరుకు రాకుండా ఆగుతుందా? దొడ్డిదారిన వస్తుంది. మా ఆఫీసు నుంచి పది నిమిషాలు నడిస్తే బర్మా బజారు. బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళ కోసం 1969లో పెట్టిన కొట్లు. బీచ్ స్టేషన్ ఎదురుగా ఫుట్‌పాత్ పొడవునా వరసగా ఉండేవి. టేప్‌రికార్డర్లు, వాచీలు, సెంట్లు, గొడ్డలి మార్కు నొప్పుల తైలం, జపాన్ నైలెక్స్ చీరలు. ఊరినుంచి ఎవరొచ్చినా మెరీనా, జూ, తర్వాత బర్మా బజారు. ఆ సరుకంతా ఎలా వచ్చిందో కొనేవాళ్ళకీ తెలుసు, అమ్మేవాళ్ళకీ తెలుసు. పెళ్ళివారు అల్లుడికి ఫారిన్ వాచీ పెట్టాలంటే ఇక్కడికే వచ్చేవాళ్ళు.

రాయపురంలో మా వీధి చివర రంగూన్ పిన్ని అని ఉండేది. పుట్టింది రంగూన్‌లోనే, మాట్లాడేది శ్రీకాకుళం తెలుగు. వాళ్ళాయన ఆ బజార్లో కొట్టు పెట్టుకున్నాడు. సాయంత్రం పూట ఆవిడ బండి మీద అత్తో చేసి అమ్మేది. ఉడికించిన నూడిల్స్‌లో క్యాబేజీ తురుము, చింతపండు రసం, వేయించిన ఉల్లిపాయ, కారం వేసి చేత్తోనే కలిపి ఇచ్చేది. సుంకాలు తగ్గుతూ పోయి అన్ని ఊళ్ళలో అన్ని వస్తువులూ దొరకడం మొదలయ్యాక వాళ్ళ కొట్టు వెలవెలబోయింది. అత్తో బండే ఇంటిని నిలబెట్టింది.

* * *

గరిష్ఠ సుంకం 150 తర్వాత 110, 85, 65, 50. దాదాపు ప్రతి బడ్జెట్‌కీ ఒక మెట్టు దిగేది. వ్యవసాయేతర సరుకుల మీద 2007కి 10 శాతం దగ్గర ఆగింది. రేటు తగ్గుతుందని ముందే తెలిస్తే ఎవరు మాత్రం తొందరపడి కడతారు? జనవరి వస్తే నా టైపు మిషన్ మీదికి తెల్లకాగితాలకంటే పసుపువే ఎక్కువ వచ్చేవి. సరుకంతా బాండ్‌లో పెట్టేసి ఫిబ్రవరి ఆఖరుకి ఎదురుచూపులు. మాధవరం, మణలి వైపు గోడౌన్‌లలో చోటు దొరికేది కాదు. మార్చి మొదటి వారంలో ఆకుపచ్చ కాగితాల వరద. లారీలవాళ్ళు అడిగినంత ఇవ్వాల్సిందే.

సుంకాలు తగ్గడం మంచిదే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ ప్రెస్సాయన లాంటివాళ్ళని చూసినదాన్ని. శ్రీపెరుంబుదూరులో కార్ల ఫ్యాక్టరీలు రావడం, విడిభాగాలు ఇటు దిగి తయారైన కార్లు అటు ఓడెక్కడం, అంతా దాని తర్వాతే. కానీ సరుకు పదింతలైతే హార్బర్ కూలీకి పని పదింతలు కాలేదు. 1983లోనే ఇందిరాగాంధీ ఇక్కడ కంటైనర్ టెర్మినల్ ప్రారంభించారు. మొదట్లో ఆ పెట్టెల్ని అందరూ వింతగా చూశారు. తర్వాత సరుకంతా వాటిలోకే వెళ్ళిపోయింది. అంతకుముందు ఒక ఓడ ఖాళీ చేయాలంటే గ్యాంగులకి గ్యాంగులు దిగేవి. కొక్కెం బస్తాకి తగిలించి, “ఏలేలో” అంటూ లాగేవాళ్ళు. వాళ్ళలో నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఎందరో. బస్తాల్లోంచి కారిన గోధుమలు ఊడ్చుకుని బతికిన ఆడవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. అవన్నీ పోయాయి. మా బేలు మేస్త్రీ కొడుకు మణలి రోడ్డులో ట్రెయిలర్ల వరసకి టీ అమ్మాడు కొన్నాళ్ళు.

బొగ్గు కూడా పోయిందిలెండి, అది వేరే కథ. హైకోర్టు ఆదేశం వల్ల 2011 అక్టోబరు నుంచి చెన్నై హార్బర్లో బొగ్గు, ఇనుపఖనిజం ఆపేసి ఎన్నూరు, కృష్ణపట్నం వైపు పంపేశారు. రాయపురంలో మేడ మీద పెట్టిన వడియాలు నల్లబడకుండా ఎండటం అప్పుడే చూశాం.

శ్రీలంకతో చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సంగతి కూడా చెప్పాలి. 2000 మార్చిలో అమల్లోకి వచ్చింది. పామాయిల్ మీద మన దగ్గర సుంకం ఎక్కువ, వాళ్ళ దగ్గర తక్కువ. దాంతో మనవాళ్ళే వెళ్ళి అక్కడ వనస్పతి మిల్లులు పెట్టి, ఆ డబ్బాలు సుంకం లేకుండా ఇక్కడికి దింపడం మొదలుపెట్టారు. శ్రీలంకలో ఒక్క పామాయిల్ గెల కూడా కొయ్యకుండానే శ్రీలంక వనస్పతి! కొన్నేళ్ళకి కోటాలు పెట్టాక అది సద్దుమణిగింది.

* * *

కడప వైపు పండే కృష్ణాపురం ఉల్లి ఎంతమందికి తెలుసో. చిన్నగా, ఎర్రగా, కళ్ళలో నీళ్ళు తెప్పించేంత ఘాటుగా ఉంటుంది. మన వంటింట్లో ఎవరూ పెద్దగా వాడరు. మలేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌వాళ్ళు కొంటారు. పోయేది ఈ చెన్నై నుంచే. నాసిక్ ఉల్లి ధర పెరిగిందని ఢిల్లీలో గొడవైతే దేశమంతా ఉల్లి ఎగుమతి ఆపేస్తారు. ఆ దెబ్బ, ఢిల్లీలో ఎవరూ తినని ఈ ఉల్లి మీద కూడా పడుతుంది. 2020లో మైదుకూరు రైతులు మొత్తుకోగా మొత్తుకోగా 10,000 టన్నులు పంపుకోవచ్చని, అదీ ఒక్క చెన్నై పోర్టు మీదుగానే అని అనుమతి ఇచ్చారు. అప్పటికి నేను రిటైరయ్యాను. మా ఆఫీసులో నా తర్వాత చేరిన అమ్మాయి ఫోన్ చేసి, “అక్కా, లారీలు వరస కట్టాయి, సగం సంచుల్లో మొలకలొచ్చేశాయి” అని చెప్పింది. అనుమతి వచ్చేదాకా ఉల్లిపాయ ఆగదు కదా.

ఆ అమ్మాయే 2025 ఆగస్టులో మళ్ళీ ఫోన్ చేసింది. ఇప్పుడు డాక్యుమెంటేషన్ అంతా తనే చూస్తుంది. కార్బన్లూ లేవు, గుడ్డసంచీ లేదు, అంతా కంప్యూటర్లోనే. “అక్కా, నువ్వు చెప్పే బడ్జెట్ సాయంత్రాలు ఇప్పుడు నేను చూస్తున్నాను” అంది. అమెరికా ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం అదనపు సుంకం వేసింది. ఆగస్టు 27 నుంచి దాని మీద ఇంకో 25. ఆ 27లోపు ఓడెక్కి, సెప్టెంబరు 17లోపు అక్కడ దిగుమతి లెక్కలోకి ఎక్కితే రెండో 25 నుంచి మినహాయింపు. ఇక్కడి నుంచి అమెరికా తూర్పు తీరానికి నెల పైనే పడుతుంది. కాబట్టి గడువు కాగితం మీద 27 అయినా, చాలామందికి అది అప్పటికే దాటిపోయింది. అయినా ఎవరి ఆశ వాళ్ళది. రొయ్యల కంటైనర్లు, తిరుప్పూర్ బనియన్లు, ఆంబూరు చెప్పులు. రాత్రింబగళ్ళు ఫోన్లే ఫోన్లు. “మా ఓడ ఎక్కడుందమ్మా?” అన్న ప్రశ్నే.

మా అన్నయ్య కొడుకు నెల్లూరు జిల్లాలో రొయ్యల చెరువులు చేస్తాడు. రొయ్యకి అమెరికా సుంకం కొత్త కాదు. అక్కడి రొయ్యల పడవలవాళ్ళు ఫిర్యాదు చేస్తే మరీ చౌకగా అమ్ముతున్నామని 2005లో మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేశారు, చాలామందికి 10 శాతం పైన. చిన్న ఎగుమతిదార్లు కొందరు అప్పుడే మానుకున్నారు. తర్వాత వనామీ రకం రొయ్య వచ్చింది, మళ్ళీ పుంజుకున్నారు. కానీ ఈసారి దెబ్బ వేరు. రొయ్య ఆగేది కాదు. మేత తింటూనే ఉంటుంది, నీళ్ళలో గాలి ఆడించే ఏరేటర్లకి కరెంటు బిల్లు పెరుగుతూనే ఉంటుంది, రోగం భయం ఉండనే ఉంటుంది. రేటు వచ్చేదాకా పట్టుబడి ఆపుదామంటే కుదరదు. కొనే కంపెనీ మనిషి ఫోన్‌లో కౌంట్ రేటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర, తగ్గించి చెబితే ‘సరే’ అనడం తప్ప రైతు చేతిలో ఏముంది?

మొన్న పెద్దకర్మకి వాడూ వచ్చాడు. భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని, “అత్తా, అమెరికావాడు సుంకం వేస్తే కట్టేది అక్కడ కొనేవాడు కదా, మా కౌంట్ రేటెందుకు కోస్తారు?” అని అడిగాడు. కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాను. అక్కడ అమ్మే ధర ఎంత, సుంకం ఎంత, అందులో కొనేవాడు ఎంత మోస్తాడు, ఇక్కడి కంపెనీ ఎంత మోస్తుంది, మిగిలింది ఎవరి నెత్తిన పడుతుంది అని. వాడు చాలాసేపు ఆ కాగితమే చూశాడు. “కంపెనీవాళ్ళు వాళ్ళ వాటా ఎంత తగ్గించుకున్నారో మాకెప్పుడూ చెప్పలేదు” అన్నాడు.

“ఒక్కడివే వెళ్తే చెప్పరు. ఊళ్ళో రైతులంతా కలిసి వెళ్ళి ఇన్‌వాయిస్ చూపించమని అడగండి. ఎగుమతికి కస్టమ్స్‌లో ఇచ్చే షిప్పింగ్ బిల్లు మీద ధర ఉంటుంది. అది తీసుకొస్తే లెక్క నేను తేలుస్తాను” అన్నాను. ఈ పంటకి సగం చెరువుల్లోనే పిల్ల వేశాడట, మిగతావి ఎండగట్టాడు. వచ్చే ఆదివారం ఇంకో నలుగురు రైతుల్ని వెంటబెట్టుకుని, దొరికినన్ని కాగితాలతో చెన్నై వస్తానన్నాడు. ఆఫీసులో ఆ అమ్మాయిని కూడా రమ్మని చెప్పాను.